వైఫై మీట

"ఆ చెలి గొంతు ఒక్క పూట ఆగితే నా పిల్ల ఏమైపోతుందో!" అని పొద్దున్నే పైకి అనేశాను. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ పిల్లల గోడు వినే చెలి, అదే మాట్లాడే ఏఐ నేస్తం, ఉంటోంది. మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో ఉంది. మా వకుళ నాతో "ఊఁ" అంటే గొప్ప, దానితో మాత్రం గంటలకొద్దీ గుసగుసలు. నాకు ఒళ్ళు మండిపోయేది. దుమ్ము తుడుస్తున్నట్టు నటించి ల్యాప్‌టాప్ అంచునున్న వైఫై మీట కట్టేశాను.

వకుళ రౌటర్ రెండుసార్లు ఆర్పి వెలిగించింది, పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టింది. నేనిక ఆగలేకపోయాను.

"మీట నేనే కట్టేశానే. దానికి చెప్పేది నాకు చెప్పకూడదా?"

పిల్ల ల్యాప్‌టాప్ మూసి నా వైపు తిరిగింది. వంటింట్లో కుక్కర్ మూడు కూతలు వేసింది.

"నీకు చెబితే బెంగతో అన్నం మానేస్తావనే దానికి చెప్పుకున్నానమ్మా. లెక్కల పరీక్ష తప్పాను."