ఆగని బస్సు

మూత్రాన్నంతా పీల్చేసే కాగితమంత పలుచని పొర అందరి లోదుస్తుల్లోకీ చేరాక, ఆదిలాబాద్ బస్సులు దారిలో ఆగడం మానేశాయి. డ్రైవర్ నవనీత కూడా పొద్దున సీట్లో కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. నడుము ఎప్పుడో మొద్దుబారిపోయింది.

నిర్మల్ దాటాక ఎల్లవ్వ అనే ముసలామె సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చింది.

“బిడ్డా, జర బండి ఆపు.”

“గిది ఆగదవ్వా. పొర ఏసుకోలేదా?”

“ఏసుకున్న. గింతమంది నడుమ కూసోని పోసుడు నాతోని అయితలేదు. కడుపు నొస్తున్నది.”

ఆపితే డిపోలో సంజాయిషీ ఇచ్చుకోవాలి. అయినా నవనీత బస్సును పక్కకు తీసింది. ప్రయాణికులు విసుక్కుంటున్నా అవ్వను చెయ్యి పట్టి దించి, తుమ్మచెట్ల దాకా నడిపించింది.

ఎల్లవ్వ తేలికపడ్డ ముఖంతో తిరిగొచ్చింది.

“జర ఈడనే నిలబడవ్వా, ఎవ్వలు రాకుంట చూడు,” అని నవనీత తానూ చెట్ల చాటుకు వెళ్లింది.