తిరిగొచ్చే కారణం

“చదువు అయ్యాక స్వదేశానికి తిరిగొస్తారా, లేక అక్కడే ఉండిపోతారా?”

గొంతు బరువుగా పెట్టి అడిగాడు బొతిర్. వాకిట్లో మల్బరీ చెట్టు కింద, పెద్ద బల్ల మీద, హుల్కర్ తల్లి మస్తూరా కళ్ళజోడు తను పెట్టుకుని కొరియా ఎంబసీ అధికారిలా కూర్చున్నాడు. పై వరసలో ముందు పన్ను ఒకటి లేదు. ‘స’ అన్నప్పుడల్లా సన్నగా ఈల వినిపిస్తోంది.

“తప్పకుండా వస్తాను. నాకు పెళ్ళి కుదిరింది. చేసుకోబోయే ఆయన ఇక్కడే, సమర్‌ఖండ్‌లోనే ఉంటారు,” అంది హుల్కర్.

“ఆయనంటే ఇష్టమేనా?”

“ఈ ప్రశ్న జాబితాలో లేదు.”

“అధికారి ఏదైనా అడగొచ్చు.”

“అయితే రాసుకో. ఆయన నోట్లో ఒక పన్ను తక్కువ. పళ్ళ డాక్టర్నై తిరిగొచ్చి మొదట అది కట్టాలి.”

బొతిర్ నిజంగానే రాసుకున్నాడు. అధికారి వేషం కట్టిన మొదటి రోజు నుంచీ ఒక నోటుపుస్తకం వెంట తెచ్చుకుంటున్నాడు. ఏ ప్రశ్నకి ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ నవ్వకూడదు, అన్నీ అందులో ఎక్కుతున్నాయి.

“బళ్ళో ఉన్నప్పుడు ఇందులో సగం రాసినా గట్టెక్కేవాడివి,” అంటూ టీ గిన్నెలు తెచ్చిపెట్టింది మస్తూరా.

ఈ పెళ్ళి సంబంధం మస్తూరా బుర్రలోంచి పుట్టింది. ఆరు నెలల క్రితం కూతురి వీసా దరఖాస్తు వెనక్కి వచ్చేసింది, ‘తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదు’ అన్న ఒక్క ముక్కతో. ఈసారీ కాదంటే కాలేజీలో సీటు పోతుంది. దరఖాస్తులు నింపిపెట్టే మనిషి పెదవి విరిచాడు.

“ఈ పిల్లని ఇక్కడికి కట్టిపడేసేది ఏదైనా ఉందా? పొలం?”

“ఆవు ఉంది.”

“ఆవుని లెక్కలోకి తీసుకోరు. పెళ్ళి కుదిరిందా?”

మస్తూరా ఇంటికి వచ్చి గోడ మీంచి పక్కింట్లోకి చూసింది. హోసియత్ కొడుకు బొతిర్. ఇరవై నాలుగేళ్ళు. పొద్దున్నే టీ అంగట్లో చేరితే చీకటి పడ్డాక లేస్తాడు. వీధి మలుపు దాటి ఎరగడు.

“కదలని గుంజ. కట్టేసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?” అంది కూతురితో. “వీసా రానీ, తర్వాత ఏదో వంక చెప్పి మాట తెంపేద్దాం.”

“పాపం కదమ్మా.”

“వాడికి పాపమేంటి? నాలుగు రోజులు పెళ్ళికొడుకునని చెప్పుకుంటాడు.”

పెద్దలు కూర్చుని ఆనవాయితీ ప్రకారం రొట్టె విరిచారు. ఆ పేట మహల్లా కమిటీ పెద్ద, ఫలానా వాళ్ళిద్దరికీ పెళ్ళి కుదిరిందని కాగితం రాసి ముద్ర వేశాడు. ఫొటోలు తీయించారు. బొతిర్ దేనికీ అడ్డు చెప్పలేదు. ఒక్కటే అడిగాడు.

“మస్తూరా ఖాలా, ఆ కాగితం నకలు నాకూ ఒకటి ఇవ్వండి. ఫొటో కూడా. గోడకి పెట్టుకుంటాను.”

వాడు అటు వెళ్ళగానే మస్తూరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “పిచ్చి సన్నాసి, నిజమే అనుకుంటున్నాడు.”

హుల్కర్ తాష్కెంట్‌లో ఎంబసీకి వెళ్ళే ముందురోజే మస్తూరా రొట్టె కాల్చింది. నడిమధ్యన, పుట్టింటి నుంచి తెచ్చుకున్న రొట్టెల ముళ్ళ ముద్రతో ఎనిమిది రేకుల పువ్వు గుచ్చింది. తలుపు పక్కన మేకు కూడా కొట్టింది.

“వీసా రాగానే ఒక్క కాటు కొరికి వెళ్ళు. మిగతాది నువ్వొచ్చి తినేదాకా ఈ మేకుకే వేలాడుతుంది. మా నాన్న పటాలానికి వెళ్ళినప్పుడూ ఇంతే.”

ఎంబసీ నుంచి హుల్కర్ అయోమయంగా తిరిగొచ్చింది.

“అన్నీ బాగానే చెప్పాను. పన్ను సంగతి కూడా చెప్పాను. ‘మీరొచ్చేదాకా ఆయన ఇక్కడే ఉంటారా?’ అన్నాడు. వీధి మలుపు కూడా దాటడన్నాను. పూర్తి పేరు, పుట్టిన తేదీ అడిగి కంప్యూటర్లో ఏదో చూశాడు. చూసి నవ్వాడమ్మా.”

“నవ్వాడంటే వచ్చినట్టే.”

పది రోజులకి పాస్‌పోర్టు వచ్చింది, లోపల వీసా లేకుండా. ‘చూపిన కారణం సరిపోదు’ అని చీటీ. హుల్కర్ ఆ పూట అన్నం ముట్టలేదు. కొరియన్ పుస్తకాలన్నీ కట్టగట్టి బీరువా మీద పడేసింది.

“కారణం సరిపోదట. ఆ మొహం చూస్తే ఎవరికి సరిపోతుంది?” మస్తూరా బొతిర్ మీద విరుచుకుపడింది. కొరకని రొట్టె కళ్ళెదుటే ఉంది. పారేయలేదు, మింగలేదు. పళ్ళెంలో పెట్టి పక్కింటికి పంపించేసింది. “వాణ్ణే తినమను.”

నాలుగో రోజున కూతుర్ని పిలిచింది. “వెళ్ళి మన పళ్ళెం పట్రా. ఇంక ఈ సంబంధం లేదని కూడా చెప్పేసిరా. మెల్లిగా చెప్పు, వాడు తట్టుకోలేడు.”

హుల్కర్ దారిపొడుగునా మాటలు కూడబలుక్కుంది. వీసా పోయినందుకు కాదు, ఆ నోటుపుస్తకం గుర్తొచ్చి రెండుసార్లు ఆగిపోయింది. నెల రోజులు రోజూ వచ్చి కూర్చున్నాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

వంటగది గుమ్మంలో హుల్కర్‌ని చూసి హోసియత్ ఉలిక్కిపడి లేచి, గోడకి వీపు ఆనించి నిలబడింది.

“బొతిర్ లేడా, ఖాలా?”

“లేడమ్మా. తాష్కెంట్ దాకా వెళ్ళాడు. స్నేహితుడిదేదో పనట.”

“వీధి మలుపు దాటాడన్నమాట. ఎప్పుడొస్తాడు?”

“వస్తాడు. ఎందుకు రాడు? నువ్వుండగా రాకుండా ఎక్కడికి పోతాడు?” హోసియత్ నేల చూపులు చూస్తూ అంది. “ఆ అధికారితోనూ అదే చెప్పాడు.”

“ఏ అధికారితో?”

పొయ్యి మీద పాలు పొంగాయి. హోసియత్ గోడ వదిలి అటు పరుగెత్తింది.

ఆమె నిలబడ్డ చోట మేకుకి ఎనిమిది రేకుల పువ్వున్న రొట్టె వేలాడుతోంది, ఒక అంచున కొరికి ఉంది.

కాటు మధ్యలో ఒక పన్నంత రొట్టె మిగిలిపోయింది.