ఈగల జనాభా లెక్క

ధన్‌సింగ్ మామిడిచెట్టుకు వేలాడుతున్న ప్లాస్టిక్ సీసాను కర్రతో కొట్టి కింద పడేశాడు.

మూత ఊడింది. గుప్పెడు చచ్చిన ఈగలు నేల మీద రాలాయి.

"చూసినవా? గా ముసలాయన రాకముందు మన తోటల ఇన్ని ఈగలున్నయా?" అని భార్యను అడిగాడు.

లేవనే అంది తుల్సీబాయి. ఈగలు అంతకుముందూ ఉన్నాయి. ఇలా ఒకచోట కుప్పగా కనబడలేదు, అంతే.

నెల్లికుదురు దగ్గరి తండాలో నాలుగెకరాల తోట వాళ్లది. నిరుడు కాయలకు పురుగు తగిలింది. పండు ఈగకు పండుగ, రైతుకు దండుగ. ఈసారీ కాత చేతికి రాకపోతే తోట వదిలి ఆలుమగలిద్దరూ హైదరాబాద్‌లో ఇసుక మోయాలి.

మార్చిలో పాత మోపెడ్ మీద వచ్చాడు ముసలాయన. పేరు సోమనర్సయ్య అన్నాడు. అడిగే సీసాలు కట్టాడు. ఒక్కో సీసాలో మందు పట్టించిన చెక్కముక్క. వారానికోసారి వచ్చి, చచ్చిన ఈగలను పట్టకారుతో ఏరి, చిన్న గాజు గొట్టాల్లో వేసి, వాటి మీద ఊరి పేరు రాసుకునేవాడు.

మనుషుల జనాభా లెక్కలే వాయిదాలు పడుతున్న రోజుల్లో, ఈగలకు ఇంటింటి సర్వే!

ఆ రోజూ వచ్చాడు. ధన్‌సింగ్ అతని సంచి గుంజుకుని చూశాడు. గొట్టాల మీద పెద్దవంగర, జనగామ, భూపాలపల్లి.

"ఊరూరి ఈగలు తెచ్చి మా తోటల ఇడుస్తున్నవా?"

"ఇవి చచ్చినయి తమ్మీ. ఏ ఊరి ఈగ ఏ వంశందో, యాడికెళ్లి వచ్చిందో యూనివర్సిటోళ్లు చూసి చెప్తరు."

"ఈగలకు గూడ కులం సర్టిఫికెట్ ఇప్పిస్తవా?"

తుల్సీబాయి నవ్వింది. ముసలాయనా నవ్వాడు.

"సీసల పడేయి మొగ ఈగలే బిడ్డా. మొగది లేకుంటె ఆడది పెట్టిన గుడ్డు పురుగు గాదు. ఇంకో నెల ఉంచుండ్రి. రాలిన కాయలు గుంత తీసి పూడ్సుండ్రి."

"మా తోట మా ఇష్టం. ఇగ నీ ఈగల ముచ్చట వద్దు, నువ్వూ రావద్దు."

సోమనర్సయ్య సీసాలన్నీ ఏరుకున్నాడు. మోపెడ్ చాలాసేపు స్టార్ట్ కాలేదు. ఎవరూ తోయలేదు.

మే నెలలో బేరగాడు వచ్చాడు. పది కాయలు తెంపాడు. తొమ్మిది కోశాడు. తొమ్మిదింట్లోనూ పురుగు. పదోది కోయకుండానే కత్తి తుడుచుకున్నాడు.

రసం పురుగుకు, నీరసం రైతుకు.

వ్యవసాయ విస్తరణాధికారి కవిత వచ్చేసరికి తుల్సీబాయి గిన్నెలు మూట కడుతోంది.

"మేడం, గా ఈగల సారు ఏ ఆఫీసుల దొరుకుతడు?" ధన్‌సింగ్ తలెత్తకుండా అడిగాడు. "జర కాళ్లు మొక్కి తోల్కొస్త."

"సారు గాదన్నా. ఆయనకు ఆఫీసు లేదు."

చేతిలోని కాగితం చూపించింది.

"యూనివర్సిటీ నుంచి వచ్చింది. మీ తోట ఈగలు, నర్మెట్ట ఈగలు ఒక్కటే వంశమట. ఈగ అంత దూరం ఎగిరి పోదు. నిరుడు రాలిన కాయలు ఏం జేసిండ్రు?"

తుల్సీబాయి చేతిలో మూట ముడి ఆగిపోయింది.

"పైకి మంచిగనే ఉన్నయని ఆటోల నింపి నర్మెట్ట అంగట్ల అమ్మినం."

"పురుగు ఆ కాయలల్లనే పోయింది. ఆడ ఒక రైతు తోట మొత్తం ఖరాబై, చెట్లు నరికేసుకుండు. కాయలు ఏ తండావో కూడా ఆయనకు అప్పుడే ఎరుకయింది."

ధన్‌సింగ్ అప్పుడు తలెత్తాడు.

"గాయన మా మీద కేసు పెడ్తడా మేడం?"

"పెట్టేటాయనైతే, మీ చెట్లకొచ్చి సీసలెందుకు కడ్తడన్నా?"