మొదటి ఫ్యూజు

“ఈ వైరుకు కాపలా ఎవురు నాయనా?”

ఇంజిన్ మీద వంగి పని చేసుకుంటున్న సందీప్ ఉలిక్కిపడి లేచాడు. తల టప్‌మని బానెట్‌కు తగిలింది.

షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలాయన. ఖాకీ చొక్కా, జేబులో పసుపు దారం ఉండ.

శనివారం మధ్యాహ్నం. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక రేకుల షెడ్డు. వారమంతా హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చునే సందీప్, సెలవు దొరికితే చాలు ఇక్కడికొచ్చి పడతాడు. మియాపూర్‌లో కొన్న ముప్పై ఏళ్ల నాటి కారుకు కొత్త ఇంజిన్ ఎక్కించాడు. ఏ ఫ్యూజు బాక్సు పెట్టాలో తేల్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. పెళ్లిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు కదా అని భార్య భార్గవి దెప్పింది.

“ఏ వైరు?” అన్నాడు తల రుద్దుకుంటూ.

“బ్యాటరీ నుంచి నీ ఫ్యూజు బాక్సు దాకా వస్తాందే, ఈ లావు వైరు.”

“బాక్సులో పది ఫ్యూజులున్నాయి పెద్దాయనా. ఫ్యానుకొకటి, పంపుకొకటి, లైట్లకొకటి. ఎక్కడ తేడా వచ్చినా దాని ఫ్యూజు పోతుంది.”

“అదంతా బాక్సు తర్వాత సంగతి. దానికి ముందే ఈ వైరు రేకుకు ఒరుసుకుంటే? కారంతా మంటై పోతాది. బ్యాటరీ పక్కన, జానెడు దూరంలో, మొదటి ఫ్యూజు ఉండాల.”

మాట తమ ప్రొద్దుటూరు వైపుదే. ఇంకో రోజైతే సందీప్ ఊరూ పేరూ అడిగేవాడే. కానీ రేపు ఉదయం ఎనిమిది నలభైకి వాహన పూజ. ముహూర్తం పెట్టించింది అత్తగారు అనసూయమ్మ. ఆవిడ పెట్టిన ముహూర్తం దాటించే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ముసలాయన చెప్పింది నిజమేనని అతనికీ తెలుసు. అయినా ఇప్పుడు వైరు విప్పితే రాత్రయిపోతుంది.

“పూజ అయ్యాక వేస్తాంలే.”

ముసలాయన ముఖం పాలిపోయింది.

“ఆ మాట అనొద్దు నాయనా. వెనక సీట్లో ఎవురు కూర్చుంటారు?”

“నా భార్య. ఏడో నెల. ఎందుకు?”

“ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. జాగ్రత్త.”

సందీప్‌కు ఒళ్లు మండింది. శుభమా అని పూజ పెట్టుకుంటే ఈ అపశకునపు మాటలేమిటి!

“ముందు బయటికి నడవండి! ఓదెలూ, ఈయన్ని పంపించెయ్!”

మెకానిక్ ఓదెలు వెనక నుంచి పరుగెత్తుకొచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

“ఏంది సార్, ఏదో కాలిన వాసనొస్తంది?”

ఇద్దరూ వైర్లన్నీ తడిమారు. ఏదీ కాలలేదు. ఓదెలు వెనక సీట్లో కూర్చుని ఎడమ తలుపు లాగాడు. రాలేదు. భుజంతో నెట్టాడు. ఊహూఁ.

“మనమే చూసుకోలే. గాయనకెట్ల తెలిసింది సార్?”

“ముందు దాన్ని బాగుచెయ్యి.”

ఓదెలు కిందా మీదా పడి తలుపు బాగుచేశాడు. ఫ్యూజు మాత్రం వేయలేదు. సందీపే షెడ్డుకు తాళం వేసి వెళ్లాడు.

ఆదివారం ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి. కారు బయల్దేరింది. అనసూయమ్మ ముందే కుడి పక్క ఎక్కేసింది కాబట్టి భార్గవి ఎడమ పక్క కూర్చుంది.

గచ్చిబౌలి దాటి నార్సింగి దారి పట్టాక ఫట్‌మని చిన్న చప్పుడు. ఇంజిన్ ఆగిపోయింది.

సందీప్ బానెట్ ఎత్తాడు. లావు వైరు రేకుకు ఒరుసుకుని తొడుగు ఊడింది. లోపలి రాగి తీగ ఆ రేకుకు తగిలి నల్లబడింది. మంట మాత్రం లేదు.

బ్యాటరీ పక్కన, జానెడు దూరంలో, కొత్త ఫ్యూజు ఒకటి మాడిపోయి ఉంది. దాని రెండు కొసలకూ పసుపు దారం, రెండేసి ముళ్లు.

ఓదెలుకు ఫోన్ చేశాడు.

“బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఎప్పుడు వేశావు?”

“నేనెయ్యలే సార్. పొద్దున చూసి మీరే ఏసిండ్రనుకున్న. తాళం మీ దగ్గర్నే ఉండె కద.”

రోడ్డు పక్కన భార్గవి పొట్ట మీద చెయ్యి వేసుకుని తననే చూస్తోంది. దేవుడా, ఆ మనిషినా నేను గెంటేశాను అనుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తలుపు సంగతి తెలిసినవాడంటే ఈ కారును ముందే ఎరిగినవాడై ఉండాలి. సాయంత్రం సందీప్ మియాపూర్ వెళ్లాడు. కారు అమ్మిన ఓంకార్ ముందు ఆ దారం పెట్టాడు.

“ఇట్లా ముళ్లు వేసే ఎలక్ట్రీషియన్ ఎవరు? నేను ఆయన కాళ్లు పట్టుకోవాలి.”

ఓంకార్ ఆ దారాన్ని ముట్టుకోలేదు.

“చెన్నకేశవులు. మీకంటె ముందు ఆ కారు కొన్నోళ్లకు వైరింగ్ చేసిండు. ముహూర్తం దాటిపోతదని వాళ్లు తొందరవెడితే, ఒక్క ఫ్యూజు మిగిలింది, పూజ అయినంక వేస్తా అన్నడంట. మొదటి రౌండుకు ఆయన్ని గూడ ఎక్కించుకున్నరు. దార్ల మంట లేచింది. నేను రంగేసి మీకమ్మిన, చెప్పలే. తప్పయింది సార్.”

“ఆయన ఇప్పుడు ఎక్కడుంటాడు? ఎడమ తలుపు తెరుచుకోదని కూడా ఆయనే చెప్పాడు.”

ఓంకార్ రెండు చేతులూ జోడించాడు.

“మూడు తలుపులు తెరుచుకున్నయి సార్, అందరు దుంకిన్రు... ఆయన కూసున్న ఎడమ పక్కదే తెరుచుకోలే.”