మధ్యలో ఆయన

కిసుము బస్టాండు వెనక ఆటో ఆపి, ఒయూగి రెండు వైపులా ప్లాస్టిక్ తెరలు దించేశాడు. మిట్టమధ్యాహ్నం. లోపల ఆవిరికి ఒళ్లు ఉడికిపోతోంది. అయినా ఇంతకంటే గుట్టుగా మాట్లాడుకునే చోటు అతనికి లేదు.

ఫోన్లో వీడియో ఆపేసి, గొంతు మాత్రమే వినిపించేలా పెట్టుకున్నాడు. అవతల నైరోబీలో డాక్టర్ ముంబి. ఆమెతో మాట్లాడటం ఇది రెండోసారి. మొదటిసారి ఆమె చెప్పిన పరీక్షలన్నీ చేయించి, కాగితాలు ఫోటో తీసి పంపాడు. షుగర్ లేదు, బీపీ లేదు, రక్తంలో ఏ లోపమూ లేదు. వయసు ముప్పై ఎనిమిది.

"తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు ఎలా ఉంటుంది?" అని అడిగిందామె.

"అప్పుడు బాగానే ఉంటుంది మేడం. బండి స్టార్టవుతుంది. మా ఆవిడ పక్కన చేరేసరికి ఆగిపోతుంది."

ఎవరో తెర మీద తట్టి, కొండెలే పేటకి వస్తావా అని అడిగారు. రానన్నాడు. ఖాళీగానే పడున్నావుగా అని గొణుక్కుంటూ ఆ మనిషి వెళ్లేదాకా ఫోన్ని గుండెలకు అదుముకున్నాడు.

డాక్టర్ తొందరపెట్టలేదు. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అంది. లేవన్నాడు. భార్య మీద మనసు లేదా అంది. లేకేం అన్నాడు. అవూర్ అంటే అతనికి ప్రాణం.

"మధ్యలో ఒకాయన ఉన్నాడు మేడం," అన్నాడు చివరికి.

ఇక ఆగలేకపోయాడు. ఆయన పేరు ఒకేలో. తనకు పులుపు పడదని తెలిసినా, అవూర్ చేప కూర ఆయనకు నచ్చినట్టే చేస్తుంది. ముందు గదిలో ఆయన కుర్చీ ఒకటుంది. ఒయూగి అందులో కూర్చుంటే ఇంట్లో మాటలు ఆగిపోతాయి. రోజూ పొద్దున్నే ఆమె టీ పట్టుకుని వాకిట్లోకి వెళ్తుంది. పావుగంట ఆయనతో మాట్లాడుతుంది. కిటికీలోంచి చూస్తే ఆమె వీపు, తలాడించడం కనిపిస్తాయి. మాటలు వినబడవు. మొన్నొకరోజు నవ్వింది. అంత మెత్తగా తన దగ్గర ఎన్నడూ నవ్వలేదు. ఆమె మీద చెయ్యి వేసిన ప్రతిసారీ, ఆయన చెయ్యి పడిన చోటే తన చెయ్యి పడుతోందనిపిస్తుంది. అంతే, ఒళ్లు చల్లబడిపోతుంది.

"పిల్లలున్నారా?"

"ఇద్దరు. ఇద్దరికీ ఆయన ముక్కే."

డాక్టర్ గొంతు తగ్గించింది.

"ఈ సంగతి మీకు తెలిసే..."

"ఊరందరికీ తెలుసు మేడం. మేముండే ఇల్లు కూడా ఆయన కట్టించిందే."

అద్దెకున్నారా అని ఆమె అడిగితే, అలాంటిదే అనుకోండి అన్నాడు. ఖాళీ చేసి వెళ్లిపోవచ్చు కదా అంటే, అవూర్ ఆయన్ని వదిలి రాదన్నాడు. పోనీ ఆయనతోనే ఎప్పుడైనా తేల్చుకున్నారా అంది.

"ఆయన ముందు నాకు నోరు రాదు. నాకంటే పెద్దవాడు. నాకు బండి తోలడం నేర్పింది కూడా ఆయనే."

డాక్టర్ నిట్టూర్చింది. నాలుగు మాత్రలు రాసి, ఎప్పుడు ఎలా వేసుకోవాలో చెప్పింది. "ఇవి మీ ఒంటికి పనిచేస్తాయి ఒయూగి గారూ. మీ కడుపుమంటకి కాదు. ముందు మీ ఆవిడతో మాట్లాడండి."

ఆదివారం పిల్లలు చర్చికి వెళ్లారు. అవూర్ పెరట్లో కూర్చుని చేపకు పొలుసు తీస్తోంది. ఒయూగి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆయనంటే నీకు ఇంకా ప్రేమేనా?"

ఆమె చెయ్యి ఆగలేదు. "ప్రేమే."

అతని చెవులు మండాయి. "మరి నేనెందుకు?"

అప్పుడు కత్తి పక్కన పెట్టింది. "ఆ రోజు నన్ను చేసుకుంటామని నలుగురు వచ్చారు. పెద్దవాళ్లు ఇంకొకణ్ణి చూపించారు. కాదు, నాకు ఇతనే కావాలని పట్టుబట్టింది నేను. అది నీకు గుర్తుండదు. పొద్దున పావుగంట మాత్రం గుర్తుంటుంది."

"ఏం మాట్లాడతావు ఆయనతో?"

"నీ గురించే. పిల్లల్ని బడి దగ్గర దించుతున్నావని, చిన్నదానికి జ్వరమొస్తే రెండు రోజులు బండి తీయలేదని."

"దానికి ఆయనేమంటాడు?"

అవూర్ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "నువ్వే వెళ్లి అడుగు," అని మళ్లీ కత్తి అందుకుంది.

గురువారం డాక్టర్ ముంబి ఎలా ఉందని రాసింది. ఒక మాత్ర వేసుకున్నాను, పనిచేసింది, కానీ ఆయన మాత్రం మా మధ్య నుంచి కదల్లేదు అని ఒయూగి జవాబిచ్చాడు. రేపు ఆయనతో మాట్లాడేస్తాను అని కూడా రాశాడు. గొడవ పడకండి, చేయి చేసుకోకండి అని ఆమె వెంటనే రాసింది. మర్యాదగానే మాట్లాడతానని మాటిచ్చాడు.

మర్నాడు అవూర్ ఇంకా పొయ్యి దగ్గర ఉండగానే ఒయూగి వాకిట్లోకి నడిచి, సమాధి పక్కన చతికిలబడి, "అన్నా, నువ్వు పోయాక నీ భార్య నన్నే కోరి చేసుకుంది, ఇకనైనా నన్ను ఆమె మొగుడిగా బతకనివ్వు," అన్నాడు.