గడప బయట పదోవాడు

ఆ శనివారం పొద్దున ఆకాశం మబ్బుపట్టి, కురవనా వద్దా అన్నట్టు సన్నగా తుంపర రాలుస్తోంది.

రెండేళ్ళ కిందట జిల్లా చీలిక మీద ఓటు జరిగినప్పటినుంచీ ఊళ్ళో ఇళ్ళకి పెట్టిన యంత్రపు తలుపులు మనిషిని చూసి తెరుచుకుంటున్నాయి. ఇంట్లో ఎక్కువమంది ఏ పక్షమో ఆ పక్షంవాళ్ళకే దారి. యూదుల ప్రార్థనాలయానికీ అలాంటి తలుపే బిగించారు.

సాదోకు తండ్రి పోయి ఆ రోజుకి ఏడాది. ఆయన పేరున, పోయినవాళ్ళ కోసం చేసే కద్దీష్ ప్రార్థన చదవాలంటే పదిమంది మగవాళ్ళుండాలి. మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టకూడదన్నది ఆచారం కనుక పెద్దాయన షమూయేలు పది మాటల వాక్యమొకటి చదువుతూ, మాటకొకరిని చూశాడు. ఆఖరి మాటకి మనిషి లేడు.

ఆ మనిషి మెట్ల మీద ఉన్నాడు. సాదోకు అక్క మొగుడు ఎలిషా. ఓటు అవతలి పక్షానికి వేశాడని బావామరుదులకి మాటల్లేవు. అతను ముందుకొస్తే తలుపు మూసుకుపోతోంది.

"తలుపు మీట ఆపేద్దాం పెద్దాయనా," అన్నాడు సాదోకు.

"ఏ పనీ చెయ్యకూడని సబ్బాతు పూట మీట ముట్టుకుంటావట్రా? మీ నాన్న లేచొచ్చి తంతాడు."

బయటినుంచి ఎలిషా, "మామ కోసం వచ్చా. మీ తలుపుకి పనికిరాకపోతే పోతాలే," అన్నాడు.

"ఆగు బావా!"

బయటికెళ్ళేవాళ్ళని తలుపు ఆపదు. సాదోకు శాలువా కప్పుకుని బయటికి నడిచాడు. వెనకే తక్కిన ఎనిమిదిమందీ వచ్చారు. తుంపరలోనే యెరూషలేము ఉన్న పడమటి దిక్కుకి తిరిగి నిలబడి కద్దీష్ చదివారు. ప్రతి ఆమేనుకీ ఎలిషా గొంతే పైన వినిపించింది.

తరవాత చూరు కింద చాపలు పరిచారు. నిన్న పొద్దుగూకకముందే కాచి, నిప్పుల మీద వెచ్చగా ఉంచిన ఉలవచారు తెచ్చారు. సాదోకు ముందుగా బావకి వడ్డించి పక్కన కూర్చున్నాడు. రెండోసారి గరిట ఎత్తితే ఎలిషా చెయ్యి అడ్డం పెట్టలేదు. అందరూ కడుపునిండా తిన్నారు.