తీపి గిట్టని సంతానం

పిండి బస్తా కదిపితే బొద్దింకలు. మిక్సర్ వెనక బొద్దింకలు, నల్లటి పొడిలా రాలిన వాటి పెంటికలు. గోడ పగుల్లోంచి ఊగే మీసాలు. వాటిలో కొన్ని గుడ్ల సంచిని వెనకాల ఈడ్చుకుంటూ నింపాదిగా పోతున్నాయి. బేకరీ యజమాని భార్య బస్తా వదిలేసి వెనక్కి గెంతింది.

"ఛీ! వీటి జాతి తగలెయ్య! ఏమండీ, రేపు తనిఖీలో మన పని అయిపోయినట్టే."

హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఆ సాయంత్రమే వచ్చి, చక్కెర పాకం పూసిన బంక అట్టలు వంటగదంతా పరిచాడు. ఒక్క బొద్దింక అంటుకున్నా షాపుకి సీలేనని చెప్పి, తాళం వేసుకుని వెళ్ళాడు.

పొద్దున్నే తాళం తీస్తే, అట్టలన్నీ ఖాళీ.

"శుభ్రమంటే ఇదండీ!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

భార్య తెల్లబోయింది. భర్త ఆవిడను పక్కకు లాక్కెళ్ళాడు.

"అవన్నీ ఏ గంగలో దూకాయండీ?"

"ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్ళూ మనం విషం కలిపింది చక్కెర ముద్దలోనే కదా. తీపికి ఎగబడ్డవన్నీ చచ్చాయి. వేలల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే తీపి గిట్టనివి ఉంటాయట. అవి బతికి పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడున్నదంతా వాటి సంతానమే. పురుగుల మందు అమ్మేవాడు చెప్పాడు."

"అంటే మన చేతుల్తో మనమే ఏరి పెంచామా? ఛీ ఛీ!"

"గట్టిగా అరవకే. కేకుల జోలికి రావు, అది చాలు."

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. రోత మాత్రం పోలేదు. మొహాన నవ్వు పులుముకుని, కేకు ముక్క ప్లేట్లో పెట్టి తెచ్చింది.

"వద్దమ్మా, నాకు షుగర్" అంటూ ఇన్‌స్పెక్టర్, రాత్రి నుంచి బల్ల మీద చల్లారుతున్న ట్రేలోంచి ఉప్పు బిస్కెట్ తనే తీసుకున్నాడు. కొరికాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. లైసెన్సు మీద సంతకం గీకుతూ ఇంకోటి అందుకున్నాడు.

"మిరియాల పొడి భలే దట్టించారండీ! ఓ పొట్లం కట్టండి, పిల్లలకి పట్టుకెళ్తా."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ బిస్కెట్లకు వాళ్ళెప్పుడూ మిరియాల పొడి వెయ్యలేదు.